పేర్లు లేని టైంటేబుళ్లు

"మీరు ఇక్కడ పాఠం చెప్పారని రుజువేమిటండీ?"

కిటికీ అవతల నిలబడ్డ పెద్దాయనను అడిగింది ఆమె.

"రుజువంటే... విన్నవాళ్లున్నారు కదమ్మా. ఎక్కడున్నారో మరి," అన్నాడు.

ఆమె నవ్వలేదు. నవ్వడం మానేసి చాలా రోజులైంది.

అది ఓ మత విశ్వవిద్యాలయంలోని రికార్డు గది. ఏనాటివో తరగతుల టైంటేబుళ్లన్నీ అక్కడ కట్టలు కట్టి ఉంటాయి. ఏ రోజు, ఏ గంట, ఏ గది, ఏ పాఠం, అన్నీ రాసి ఉంటాయి. పాఠం చెప్పేవారి పేరు తప్ప. విద్య దేవుడిది, చెప్పేవాడిది కాదని అక్కడి ఆచారం. వినడానికి గొప్పగానే ఉంటుంది. అయితే ఆ కట్టలు చూడ్డానికి పాత అధ్యాపకులకు మాత్రమే అనుమతి అని ఇంకో నిబంధన ఉంది. పేరే రాయని చోట అధ్యాపకుడెవరో, దారిన పోయేవాడెవరో ఎలా తేల్చాలన్నది ఆ నిబంధన పెట్టిన మహానుభావులకు తట్టలేదు.

ఆమె కూడా దాని గురించి బుర్ర పాడుచేసుకోలేదు. చెప్పింది చెప్పినట్టు చేసుకుపోవడమే. పొద్దున్నే రావడం, కట్ట విప్పడం, ఒక్కో కాగితం యంత్రం కింద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించడం, మళ్లీ కట్టెయ్యడం.

ఆ కుర్చీ మొన్నమొన్నటిదాకా ఆమె భర్తది. ఇంటికొస్తూ బస్సులో గుండె పట్టుకుని కూలిపోయాడు. తోటి ప్రయాణికులెవరో ఆసుపత్రికి చేర్చారట. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది. విశ్వవిద్యాలయం వారు జాలిపడి ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు.

ఆ పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారు. పెద్ద కారణమేం లేదు, కారుతున్న కుళాయి బాగుచేయించలేదని. నీతో మాట్లాడటం నాదే బుద్ధి తక్కువని చెప్పులేసుకుని వెళ్లిపోయాడాయన. ఆమె తలుపు దాకా కూడా రాలేదు.

ఆ కోపంతోనే పోయాడా, దారిలో తగ్గిందా? ఆమెకు తెలియాల్సింది ఆ ఒక్కటే. ఆసుపత్రిలో అడిగితే, మా దగ్గరికి తెచ్చేసరికే మాట పడిపోయిందన్నారు. అప్పట్నించి ఆమెకు ఏడుపూ లేదు, ఆకలీ లేదు. తింటే తిన్నట్టు, లేకపోతే లేనట్టు. కుళాయి కారుతూనే ఉంది.

పెద్దాయన మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఎప్పుడొచ్చినా అదే మాట: కాసేపు లోపల కూర్చుంటాను, పాత టైంటేబుల్ ఒకటి చూసుకుంటాను. ఆమెదీ అదే జవాబు: రుజువు లేనిదే కుదరదు. పక్క గదుల వాళ్లు ఆయనకు టైంటేబుల్ తాత అని పేరు పెట్టేశారు. రిటైరైనా బుర్రలో గంట మోగుతూనే ఉంటుంది పాపం అని ఒకాయన జోకు వేశాడు.

ఒకరోజు, వెనక సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు బారులు తీరి ఉండగా, పెద్దాయన కిటికీ ఊచలు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఇంతకుముందు ఇక్కడుండే అబ్బాయి నన్ను కూర్చోనిచ్చేవాడు తల్లీ. అతను..."

ఆమెకు ఒళ్లు మండింది. భర్త పోయాక వచ్చిన ప్రతివాళ్లదీ ఇదే వరస. ముందు ఆయన మంచితనం ఎత్తుకోవడం, ఆనక పని చెప్పడం. ఒకాయనైతే కళ్లు తుడుచుకున్న చేత్తోనే దరఖాస్తు అందించాడు.

"ఆయన పేరు చెప్పి పని చేయించుకోవాలని చూడకండి," అంది. "ఇంక రాకండి."

పెద్దాయన నోరు తెరిచి, వెనకున్న జనాన్ని చూసి మూసుకున్నాడు. సరేనమ్మా అని పక్కకు తప్పుకున్నాడు. ఆమె తర్వాతివాళ్ల కాగితం అందుకుంది.

కొన్నాళ్లకు రిజిస్ట్రారు వచ్చి, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి కాబట్టి కట్టలు ఇక తీసెయ్యొచ్చని చెప్పాడు. మాటల్లో మాటగా టైంటేబుల్ తాత సంగతి వచ్చింది. రిజిస్ట్రారు నవ్వేశాడు. తాను తర్కం చదువుకున్నది ఆ మాస్టారి దగ్గరేనట. తెల్లవారుజాము తరగతిలో ఎవరూ కునికిపాట్లు పడలేదంటే ఆయన చలవేనట.

అయితే నిజంగానే మాస్టారన్నమాట. ఆమె మొహం చిన్నబోయింది. ఈసారి వస్తే కుర్చీ వేసి, కట్టలన్నీ ముందు పెట్టాలనుకుంది. ఫలానా పని చెయ్యాలి అని ఆమెకు అనిపించడం భర్త పోయాక అదే మొదలు.

మాస్టారు రాలేదు. వద్దన్నాక ఎందుకొస్తాడు? చూసి చూసి ఆమే గేటు దగ్గరికి వెళ్లి, ఆయన ఇల్లెక్కడో చెప్పమని వాచ్‌మన్‌ను అడిగింది.

ఇంకెక్కడి ఇల్లమ్మా అన్నాడు వాచ్‌మన్. కిందటి వారమే కాలం చేశాడట. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి కావడంతో ఇరుగుపొరుగువాళ్లే అన్నీ జరిపించారట.

ఆమెకు బాధ కూడా సరిగ్గా రాలేదు.

"ఒక్కసారి ఆ టైంటేబుల్ చూసుకోనిస్తే నా సొమ్మేం పోయేది," అంది చివరికి.

వాచ్‌మన్ ఆమెవంక వింతగా చూశాడు.

"టైంటేబుల్ కోసమేమిటమ్మా, అవన్నీ మీవారున్నప్పుడే చూసేశారు. లోపలికి రావడానికి అదో సాకు. నలుగురిలో నిలబడి చెప్పే మాట కాదు, కూర్చుని మీకే చెప్పాలి అనేవారు; అదేమిటో నాకూ చెప్పలేదు. అన్నిసార్లు వచ్చారు కదా, మీకు చెప్పేసే ఉంటారనుకున్నాను. ఆ రోజు బస్సులో మీవారి పక్కన కూర్చున్నది, తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. మా ఆవిడకు ఈ మాట చెప్పండి మాస్టారూ అని మీవారు ఆఖరిసారి నోరు విప్పింది ఆయన దగ్గరేనమ్మా."