గోడ అవతల రూబీ

నెలలు నిండిన భార్య రూబీ కోసం, పుట్టబోయే బిడ్డ కోసం, ప్రేమ్ కుమార్ ఇంటి వెనక తన చేతులతోనే ఓ గది కట్టాడు. చీకటి పడ్డాక, పడగ్గదిలోంచి అందులోకి గుమ్మం పెట్టడానికి పాత గోడ పగలగొడుతున్నాడు.

"ఇటుకలు ఇటివ్వండి, నేను పేరుస్తాను," అంది రూబీ అవతలి నుంచి. కన్నంలోంచి గాజుల చెయ్యి చాచింది. చర్చి నుంచి వచ్చి, పెరటి గుమ్మంలోంచి కొత్త గదిలోకి వెళ్ళి ఉంటుంది, వద్దన్నా వినదు అనుకుంటూ ఒక్కొక్కటే అందించాడు.

ఇంతలో వీధి గేటు చప్పుడైంది. చర్చి నుంచి వచ్చిన రూబీ అతని వెనక నిలబడింది.

"ఎవరితోనండి మాట్లాడుతున్నారు?"

ప్రేమ్ కుమార్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. పట్టుకున్న ఇటుక చేతిలోనే ఉండిపోయింది.

"తొందరగా ఇవ్వండి," అంది గోడ అవతల రూబీ గొంతు. "బిడ్డకి నిద్రొస్తోంది."

ఇవతలి రూబీ రెండు చేతులతో కడుపు తడుముకుంది. అది చదునుగా ఉంది.