ఒట్టు తీసి గట్టున

“రిపోర్టులన్నీ బాగున్నాయి. మళ్లీ ఆరు నెలలకి వస్తే చాలు,” అని డాక్టరు ఫైలు మూసింది.

తర్వాతివాళ్లని పిలవడానికి నర్సు తలుపు దాకా వెళ్లింది. టైలరమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

గర్భసంచిలో క్యాన్సర్ వచ్చి, ఆపరేషనూ, రేడియేషన్ అనే కరెంటు వైద్యమూ ఈ ఆసుపత్రిలోనే చేయించుకున్న మనిషి ఆవిడ. నోరు పెద్దది. వార్డులో ఉన్నన్నాళ్లూ తన కడుపు మీద డాక్టర్లు వేసిన కుట్లకి వంకలు పెడుతూనే ఉంది. అలాంటి మనిషి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేసరికి డాక్టరు కళ్లజోడు తీసింది.

“ఇంకేమైనా ఉందా అమ్మా?”

“నా సంగతి అయిపోయిందమ్మా. మా సిస్టర్ సంగతి ఒకటి అడగాలి.”

తలుపు పిడి మీద నర్సు చేయి ఆగిపోయింది.

“బయట చాలామంది కూర్చున్నారు, టైలరమ్మా. ఇంకోసారి అడుగుదురుగాని,” అంది.

“ఇంకోసారంటే ఆరు నెలలు. నువ్వుండమ్మా కాసేపు.”

“సొంత చెల్లెలా?” అని అడిగింది డాక్టరు.

“తోడబుట్టింది కాదు. అంతకంటే ఎక్కువే. నెలసరి ఆగిపోయి ఐదేళ్లయింది తనకి. ఇప్పుడు మళ్లీ కనిపిస్తోంది.”

“ఎన్నాళ్ల నుంచి?”

“వానలు మొదలైన దగ్గర్నుంచి. మొదట మరకే అంది. ఇప్పుడు గుడ్డ మార్చుకోవాల్సి వస్తోందట.”

నర్సు ఈ గదిలో నిన్నా మొన్నా చేరిన మనిషి కాదు. డాక్టరు ప్రశ్నలు ఏ వరుసలో వస్తాయో ఆమెకు తెలుసు. ఇప్పుడు నొప్పి గురించి అడుగుతుంది. తర్వాత షుగరు. ఆ తర్వాత ఇంకొకటి ఉంది. అక్కడిదాకా రాకుండానే ఈ మాటలు ఆగిపోతే బాగుండునని ఆమె అనుకుంది.

“నొప్పి ఉందా?” అంది డాక్టరు.

“నడుం లాగుతోందట. రోజంతా నిలబడి చేసే పని, దానివల్లేనని సర్దిచెప్పుకుంటోంది.”

“షుగరు?”

“ఉంది. మాత్రలు వేసుకుంటుంది.”

“డాక్టర్, వినికిడి మాటల మీద మనం ఏం చెప్పగలం?” అంది నర్సు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఆవిడే వస్తే చూద్దాం.”

“రావాలిగా,” అంది టైలరమ్మ. “ఏదో మాటల్లో నోరు జారి నాతో అనేసింది. అన్నాక నాలిక కరుచుకుని, ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.”

“ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి,” అంది డాక్టరు. “ ఆవిడ ఎందుకు రావడం లేదు? ఆసుపత్రి మొహం చూడని మనిషా?”

“చూడకేం. సిగ్గుపడకండి, డాక్టరు దగ్గర ఏదీ దాచకండి అని నాలాంటి పదిమందికి చెప్పిన నోరే. తనదాకా వచ్చేసరికి పెగలడం లేదు. పేరు పెట్టేదాకా అది జబ్బు కాదనుకుంటోంది.”

నర్సు మూలనున్న సింకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పింది. కడిగిన చేతులే మళ్లీ కడిగింది. నీళ్ల చప్పుడుకి మాటలు వినపడవనుకుంది. వినపడ్డాయి.

“నెలసరి ఆగాక మళ్లీ కనిపించినంత మాత్రాన క్యాన్సరే అనుకోనక్కర్లేదు,” అంటోంది డాక్టరు. “చాలామందిలో చిన్న కారణమే ఉంటుంది. అయితే చూడకుండా ఏదీ చెప్పలేం. స్కానింగ్ చేస్తాం. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం. ఒకవేళ అదే అయినా, మొదట్లో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.”

“ఆలస్యమైతే?”

డాక్టరు మూసిన ఫైలుని పక్కకి జరిపింది.

ఆలస్యంగా వచ్చినవాళ్లని నర్సు చూసింది. వాళ్ల పక్కబట్టలు మార్చింది. వాళ్ల ఇళ్లకి ఫోన్లు చేసింది. కుళాయి కట్టేసింది.

“ఆలస్యం చేయొద్దనే నేను చెప్పేది,” అంది డాక్టరు. తర్వాత కొంచెం ముందుకి వంగింది. “ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది తమ సంగతి చెల్లెలి మీద పెట్టి అడుగుతారు. ఆ సిస్టర్ మీరేనా?”

“నా సంచి కోసి తీసేసింది మీరే కదమ్మా,” అంది టైలరమ్మ. “లేని సంచికి చిల్లెలా పడుతుంది?”

డాక్టరు నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వబోయి, నర్సు వీపు వైపు చూసి మానుకుంది.

“సరే, ఆఖరిది ఒకటుంది,” అంది డాక్టరు. “ఆవిడ పుట్టింటి వైపు ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా?”

నర్సు తువ్వాలు అందుకుంది కానీ చేతులు తుడుచుకోలేదు. వేళ్ల చివర్ల నుంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి.

“అది నాతో అనలేదమ్మా,” అంది టైలరమ్మ. “నేనూ అడగలేదు.”

డాక్టరు ఎదురుచూస్తోంది. తలుపు అవతల ఎవరో దగ్గారు. ఎవరిదో ఫోను మోగి ఆగిపోయింది.

“మా అమ్మకి వచ్చింది,” అంది నర్సు.