చప్పుడు చేయని నేల

టక్, టక్, టక్.

కింది వాటాలోంచి ఎవరో కర్రతో పైకప్పు మీద కొట్టారు. ప్రూఫురీడరు చేతిలోని కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. అరగంట క్రితం వంటగదిలోకి వెళ్ళి కాఫీ కలుపుకున్న మాట నిజమే. అప్పటి నడకకి ఇప్పుడు కోపం వచ్చిందా?

లేచి, మునివేళ్ళ మీద మంచం దాకా నడిచాడు. నాలుగు అడుగులకీ నాలుగుసార్లు చెక్క నేల మూలిగింది. మళ్ళీ కొడతారేమోనని ఎదురుచూశాడు. కింద చడీచప్పుడూ లేదు.

"ఇవాళ్టికి పోనీలే అనుకున్నట్టుంది," అనుకున్నాడు.

కింద ఉండేది ఒక పెద్దావిడ. ఏడు నెలల క్రితం ఇద్దరు కూలీలు మంచం దించుతుంటే పక్కన చేతికర్రతో నిలబడి ఉండగా చూశాడు. అంతే, మళ్ళీ కనబడలేదు. ఆ వాటా వాకిలి వెనక సందులోకి ఉంది. వెళ్ళి ఒక మాట చెప్పి రావచ్చు. కానీ మాట కలపడం ఆయనకు మొదటినుంచీ చేతకాదు. ఆ ఇంట్లో మాట్లాడవలసినవన్నీ భార్యే మాట్లాడేది.

నేల పాడైంది కూడా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడే. నెల రోజులు ఆయన ఇంటి మొహం చూడలేదు. వంటగది కుళాయి కారి, నీళ్ళు ముందుగదిలోకి పాకి, చెక్కలు ఉబ్బి పైకి లేచాయి. ఆయన ఒక్కడే ఇంటికి తిరిగి వచ్చేటప్పటికి అవి ఆరి, ఒంకర్లు తిరిగి ఉన్నాయి. రెండేళ్ళుగా వాటి గురించి ఆలోచించే ఓపిక లేకపోయింది. ఇప్పుడీ ఫిర్యాదు ఇంటాయన దాకా వెళితే ఖాళీ చేయమంటాడు. ఆవిడతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు అది.

ఆయన ఇంకా మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. చెప్పులు మానేసి మేజోళ్ళు వేసుకున్నాడు. అవసరం లేనిదే కుర్చీ దిగలేదు. చిత్రం, ఆయన నడక మెత్తబడే కొద్దీ కింద దెబ్బలు ఎక్కువయ్యాయి. విసుగెత్తిన చెవికి చీమ నడిచినా వినబడుతుంది కాబోలు అనుకున్నాడు.

చివరికి కలప అడితీలో వడ్రంగి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

"మొత్తం పీకి కొత్త చెక్క వేయాలంటే ఎంతవుతుంది మేస్త్రీ?"

"మీరు కూచుని వినాలి సార్," అని మేస్త్రీ స్టూలు జరిపాడు. "అయినా ఎందుకు మార్చడం? చెక్క చచ్చిందా, అలిగిందా?"

"కిర్రుకిర్రుమంటోంది."

"అరుస్తోందంటే బతికే ఉంది. మేకు వదులైన చోట మర బిగించండి, కింద దూలంలోకి దిగేదాకా. ఆ గుంటలో రంపపు పొట్టు, బంక కలిపి పూడ్చండి. రెండు చెక్కలు ఒరుసుకునే చోట మొహానికి రాసుకునే పౌడరు చల్లండి, నోరు మూసుకుంటాయి."

"పూర్తిగా పగిలినవి ఐదారు ఉన్నాయి."

"ఇంట్లో బీరువా ఉందా? దాని కింద ఎండా తడీ తగలని చెక్కలుంటాయి. అవి తెచ్చి ఇక్కడ వేయండి, ఇక్కడివి తీసుకెళ్ళి బీరువా కింద దాచండి. ఆ తరవాత ఉప్పుకాగితంతో తోమి, రెండుసార్లు అవిసె నూనె పట్టించండి. ఎవరైనా సాయం ఉన్నారా ఇంట్లో?"

"లేరు."

మేస్త్రీ ఉప్పుకాగితం రెండు తావులు ఎక్కువే చుట్టి ఇచ్చాడు.

బీరువా జరపాలంటే ముందు ఖాళీ చేయాలి. రెండేళ్ళుగా తెరవని తలుపు తెరిచి, భార్య బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు. ఆ పూట ఇంకే పనీ కాలేదు.

మర్నాటి నుంచి ప్రెస్సు వదలగానే నేరుగా వచ్చి నేల మీద మోకాళ్ళు వేసేవాడు. మరలు బిగించాడు. చెక్కలు మార్చాడు. మోచేతులు పట్టేసేలా తోమాడు. అంత సుత్తిమోత చేస్తున్నా కింద నుంచి ఒక్క దెబ్బ కూడా రాకపోవడం ఆయన గమనించాడు. బాగు చేస్తున్నాడని ఆవిడకి తెలిసినట్టుంది. మంచి మనిషే.

రెండో ఆదివారం నూనె ఆరింది. తేనె రంగు తేలిన నేల మీద ఆయన ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాడు. గిర్రున తిరిగి మళ్ళీ నడిచాడు. కిర్రుమన్న ఊసే లేదు. చెప్పుకోవడానికి మనిషి లేక, "ఎలా ఉంది?" అని ఖాళీ గదినే అడిగి కుర్చీలో కూర్చున్నాడు.

టక్, టక్, టక్.

ఆయన కదలకుండా ఉన్నాడు. కాసేపటికి మళ్ళీ మూడు, ఆ వెంటనే ఐదు, ఆ తరవాత లెక్కలేకుండా.

ఇన్నాళ్ళ ఒళ్ళునొప్పులూ కోపమై ఎగదన్నాయి. మెట్లు దిగి, సందులోకి తిరిగి, ఆ తలుపు కొట్టాడు. లోపల కర్ర తాటించుకుంటూ ఎవరో వచ్చిన చప్పుడు. గడియ తీయడానికే చాలాసేపు పట్టింది.

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. రొప్పుతోంది.

"నేను పైవాటాలో ఉంటానండీ," అన్నాడు, తెచ్చుకున్న కోపం ఎటు పోయిందో తెలియక. "రెండు వారాలు కష్టపడి నేలంతా బాగు చేశాను. పిల్లి నడిచినట్టు నడుస్తున్నాను. ఇంకా మీకు ఏం వినబడుతోందని కొడుతున్నారు?"

ఆవిడ కళ్ళొత్తుకుంది.

"ఏమీ వినబడకే కొట్టాను నాయనా."