పసుపు బొట్లు

కార్డులకు పూజ చేస్తే దేవుడు సంతోషిస్తాడా అన్న అనుమానం నాకు ఏళ్లుగా ఉంది. అయినా ప్రతి శుక్రవారం మా కట్టలోని కార్డుల వెనక పసుపు బొట్లు పెట్టేవాణ్ణి. మా ఊళ్లో ఏది కావాలన్నా ఎవరి కట్టతో వాళ్లు ఆడి గెలుచుకోవాల్సిందే; ఇప్పుడు ఆసుపత్రిలో మంచం కూడా కార్డుల ఆటలో గెలిచినవాళ్లకే.

ఆయాసపడుతున్న మా ఆవిడ అనసూయను గేటు పక్కన కూర్చోబెట్టి ఆటకు దిగాను. అక్కడి ఉద్యోగి నా కట్ట తిరగేశాడు.

"గుర్తులున్న కార్డులు చెల్లవు బాబాయ్."

"అవి దేవుడి బొట్లు నాయనా!"

"అయితే మంచం ఆయన్నే అడగండి."

అనసూయ ఆ గేటు దగ్గరే పోయింది.

కర్మకాండ అయ్యాక కట్ట విప్పాను. ఎదురింటి పేరిందేవమ్మ ఎప్పుడో అరువిచ్చిన, ఆ ఆటలో పెద్దదైన వైద్యుడి బొమ్మ కార్డు ఒక్కటే శుభ్రంగా ఉంది. పరాయి సొమ్మని దానికి బొట్టు పెట్టలేదు. రేపు జబ్బుపడ్డ ఆమె భర్తకు మంచం కోసం ఆట; కార్డు తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను.

"మీ చేత్తో ఓ బొట్టు పెట్టి ఇవ్వండి అన్నయ్యగారూ" అందామె.

"వద్దమ్మా" అని ఉత్తి కార్డే ఆమె చేతిలో పెట్టాను.