ముత్యం ఎండలో ఉన్న రోజు

2061 మే 9, ఉదయం ఆరున్నర. మెదక్ దగ్గర ఒక గుర్రాల ఫారంలో, జతకట్టడానికని ఏసీ పెట్టిన చల్లగదిలో ఉంచిన ముత్యం అనే మగ గుర్రం వీర్యంలో బతికున్న కణం ఒక్కటీ కనిపించలేదు.

"ఏం మధుకర్, నీ దొరబాబుకు చల్లగది కూడా సరిపోతలేదా?" అని డాక్టర్ నుస్రత్ నవ్వింది. ముత్యాన్ని పుట్టినప్పటి నుంచి సాకిన మధుకర్ నవ్వలేదు.

ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. "ఎండదెబ్బ రెండు నెలలకు బయటపడ్తది. మార్చిలో ఎన్నడన్న గుర్రాన్ని బయట ఉంచినవా? ఉంచితే చెప్పు, ఇంకో రెండు నెలలల్ల కోలుకుంటది. ఎండ కాదంటే లోపం గుర్రానిదే. అట్లయితే ఇయ్యాలనే విత్తులు తీసెయ్యమన్నడు ఓనర్."

మార్చి పదిన మధుకర్ కూతురు సహస్రకు నొప్పులు వచ్చాయి. ఫారం వాళ్లిచ్చిన క్వార్టర్‌లో నలభై ఆరు డిగ్రీల వేడి ఉంది. అతను కూతురిని గుర్రం చల్లగదిలో పడుకోబెట్టి, ముత్యాన్ని సాయంత్రం దాకా బయట రేకుల కింద కట్టేశాడు. ఆ గదిలోకి మనుషులను తెచ్చినట్టు తెలిస్తే ఉద్యోగం, క్వార్టర్ రెండూ పోతాయి. ఆ గదిలోనే పుట్టిన మనవడికి ఇప్పుడు రెండు నెలలు.

"ఒక్కనాడు కూడా బయటికి తియ్యలేదు మేడం."

"మంచిగ యాది చేసుకో. తొందరేం లేదు."

"తియ్యలేదు మేడం."

ఎండ కారణం కాదని డాక్టర్ రిపోర్టులో రాసింది. పదకొండింటికి ముత్యానికి మత్తు ఇచ్చారు. మధుకర్ దాని తల పట్టుకున్నాడు. పదకొండున్నరకు విత్తులు తీసేశారు.