రెండు నిలువుల ఎత్తున

"టూరు కాగితం మీద సంతకం పెట్టు నాయినా. బస్సు ఉప్పల్ కాడికి వచ్చింది," అంది దీప.

నాచారంలో బావులు తవ్వి బతికిన గోపయ్య కలం ముట్టలేదు. కాలేజీలో జియాలజీ చెప్పే ఫణీంద్ర తెచ్చిన ఫొటోనే చూస్తున్నాడు. కృష్ణా నది లోయ, రబ్బరు పడవలు, ఒడ్డున ఇసుకలో అన్నం తింటున్న పిల్లలు.

"ఆ కొండగోడలో పొరలు చూడండి. కోట్ల ఏళ్లవి. పడవలో పోతూ చదువుకోవచ్చు," అన్నాడు ఫణీంద్ర.

"కోట్ల ఏండ్ల ముచ్చట తర్వాత సారూ. పిల్లల నెత్తి మీద, రెండు నిలువుల ఎత్తున, రాతి సందుల గా చెత్త ఏంది?"

ఫణీంద్ర ఫొటో దగ్గరికి తీసుకున్నాడు. ఎండిన కంప, చిరిగిన వల.

"ఎగువన డ్యాం గేట్లు ఎత్తితే నీళ్లు అక్కడిదాకా వస్తాయేమో. ముందు సైరన్ వేస్తారు లెండి."

"గంత లోతుకు ఇనవడ్తదా? పైన మొత్తుకున్నా ఇనవడక నా బాయిలల్ల ఇద్దరు పోయిన్రు."

ఫణీంద్ర జేబులోంచి ఫోన్ తీశాడు.

దీప కాగితం మడిచింది. "సార్, నా దోస్తు ధనశ్రీ వాళ్ల మొదటి బ్యాచ్ పొద్దున్నే పడవ ఎక్కింది కదా?"

ఫణీంద్ర అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"ఎత్తుతలేరా?" అన్నాడు గోపయ్య.

"లోయలో సిగ్నల్ ఉండదండీ," అని ఫణీంద్ర మళ్లీ అదే నంబరు నొక్కాడు.