పచ్చగుడ్డ కింద

“మానిటరు వంక చూడకండి. మీ ఆవిడ మొహం చూసి కబుర్లు చెప్పండి. అందుకే మిమ్మల్ని లోపలికి రానిచ్చాం,” అంది మత్తు డాక్టరమ్మ.

డ్రైవరు తల ఊపాడు గానీ కళ్లు తిప్పుకోలేదు. పొద్దున లేస్తే బస్సులో మీటర్లు చూసి బతికే మనిషి. ఎదురుగా అంకె వెలుగుతుంటే చూడొద్దంటే ఎలా కుదురుతుంది? ఆస్పత్రి వాళ్లు తొడిగిన గౌనులో, భార్య తలవైపు స్టూలు మీద ముడుచుకుని కూర్చుని, ఒంటి మీద కప్పిన పచ్చగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నడుము కింద మాత్రమే మత్తిచ్చారు గనక ఆమె మెలకువగానే ఉంది. అడ్డంగా కట్టిన గుడ్డకు అవతల పెద్ద డాక్టరు కడుపు కోసి బిడ్డను తీసే పనిలో ఉన్నాడు. పొద్దుట్నుంచీ డ్రైవరు గుండె దడదడలాడుతూనే ఉంది. భయమే అనుకున్నాడు.

“ఏమండీ, కాస్త మెల్లగా పట్టుకోండి. వేళ్లు విరిగేలా ఉన్నాయి,” అంది భార్య.

“నలిపేస్తున్నది నువ్వు. నా చెయ్యి తిమ్మిరెక్కి ఎప్పుడో చచ్చింది.”

ఉన్నట్టుండి మానిటరు కీచుమంది. అంకె పోయి ఉత్త గీతలు మిగిలాయి. డ్రైవరు స్టూలు మీంచి సగం లేచాడు.

“కంగారు పడకండి. వేలి క్లిప్పు ఊడింది, అంతే,” అంది డాక్టరమ్మ. “చెమటకి ఛాతీ మీది స్టిక్కర్లు కూడా నిలవడం లేదు. నాడి చూడ్డానికి ఇప్పుడా క్లిప్పే దిక్కు. సిస్టర్, కాస్త చూడమ్మా.”

గుడ్డ కదిలితే పెద్ద డాక్టరు మండిపడతాడు. అందుకని నర్సు దాన్ని ఎత్తకుండానే కిందనుంచి చెయ్యి దూర్చి, తడుముకుని, క్లిప్పు తగిలించింది. అంకె మళ్లీ వెలిగింది. నూట పద్దెనిమిది.

“ఇందాక ఎనభై కదండీ ఉంది,” అన్నాడు డ్రైవరు.

నూట ఇరవై ఆరు. నూట నలభై. అది పెరిగేకొద్దీ అతడికి ఊపిరి ఆడడం లేదు.

“ఏమమ్మా, గుండెల్లో దడగా ఉందా? ఆయాసంగా ఉందా?” అని అడిగింది డాక్టరమ్మ.

“లేదండీ, బాగానే ఉంది. కొంచెం చలి, అంతే.”

డ్రైవరు నమ్మలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ బాగానే ఉందంటూ వంట చేసే మనిషి. ఆవిడ మాట పట్టుకుంటే కొంప మునుగుతుంది.

“బీపీ సరిగ్గానే ఉంది. మరి ఇదేంటి?” అని డాక్టరమ్మ గొణుక్కుంది. అంతలో అంకె ఒక్క గెంతు గెంతింది. నూట ఎనభై రెండు. దిగుడు రోడ్డులో బ్రేకు పట్టనప్పుడు బస్సు మీటరు ముల్లు ఇలాగే లేస్తుంది. ఆ భయం అతడికి బాగా తెలుసు.

“సార్, ఒక్క నిమిషం ఆపుతారా? గుండె పరుగెడుతోంది,” అంది డాక్టరమ్మ.

“సగంలో ఆపితే బిడ్డ సంగతేంటి?” అన్నాడు అవతలనుంచి పెద్ద డాక్టరు. “ఇక్కడ అంతా మామూలుగానే ఉంది. అటు మీరు చూసుకోండి, ఇటు నేను చూసుకుంటాను.”

ఆమె గబగబా ఒక మందు సిరంజిలోకి లాగింది.

“ఏం మందండీ అది?” అన్నాడు డ్రైవరు.

“పరుగెత్తే గుండెని క్షణంసేపు ఆపి, మళ్లీ దారిలో పెడుతుంది.”

“ఆపడమేంటండీ? ఆగింది ఆగినట్టే ఉండిపోతే?”

డ్రైవరు నుదురు మంచం అంచుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. దేవుడా, నా ఆయుష్షు కూడా దీనికే పోసి బతికించు. నాకేమైనా ఫరవాలేదు.

“మీ మొహం అలా పాలిపోయిందేంటండీ?” అంది భార్య.

సిరంజి మూతి సెలైన్ గొట్టం దాకా వెళ్లింది. అక్కడ డాక్టరమ్మ ఆగింది. ఆవిడకొక అలవాటుంది, తోటి డాక్టర్లు దాన్ని చాదస్తం అని ఏడిపిస్తుంటారు. మానిటరు ఏం చెప్పినా సరే, తన వేలు కూడా అదే చెబితే తప్ప మందు ఎక్కించదు. రెండు వేళ్లు ఆ ఇల్లాలి మెడ మీద పెట్టి లెక్కపెట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ లెక్కపెట్టింది.

“ఇక్కడ ఎనభై కూడా లేదే,” అంటూ పచ్చగుడ్డ అంచు ఎత్తింది.

రెండు చేతుల వేళ్లూ ఒకదాన్లో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. క్లిప్పు ఉన్నది డ్రైవరు వేలికి.

“అయ్యో, క్లిప్పు ఈయన వేలికి పెట్టేశాను,” అని నర్సు నాలుక కరుచుకుంది. అదే సమయానికి అవతల బిడ్డ కెవ్వుమంది.

“ఆడపిల్ల,” అన్నాడు పెద్ద డాక్టరు. “ఏమయ్యా, ఇంతసేపూ ఇక్కడ నీకు పురుడు పోస్తున్నామా?”

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు. గుండెల మీది బండ దిగిపోయినట్టయింది.

“నాకేం కాలేదని చెబుతూనే ఉన్నాను, వింటేగా,” అంది భార్య.

నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. భయం తీరి నవ్వుతున్న ఆ మొహాన్ని చూసింది. మానిటరు చూసింది. నూట ఎనభై రెండు అక్కడే ఉంది, ఒక్క అంకె కూడా దిగలేదు.

“క్లిప్పు తియ్యకు సిస్టర్. ఇంకో స్ట్రెచర్ తెప్పించు,” అని, సిరంజి చేతిలో అలాగే పట్టుకుని డ్రైవరు వైపు తిరిగింది. “గౌను చెయ్యి పైకి మడవండి. ఈ మందు మీకే.”